బోల్టు మీద ఎర్రగీత

ఆఖరి చుట్టు చేత్తో తిప్పి బోల్టును పక్కకు లాగేసరికి వేడి ఆయిల్ మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయిల్ నల్లటి తాడులా దిగి రేకు పళ్లెంలో చుట్టలు చుట్టుకుంటోంది. షెడ్డులో బండి కింద పనికని తవ్విన గుంతలో నిలబడితే బండి కడుపు సరిగ్గా నెత్తికి తగులుతుంది. అతను మెడ వంచుకునే పని చెయ్యాలి. గుంతను భార్య కొలతకు తవ్వించారు మరి. ఆమె పొట్టి.

కింద పని ఆమెది, పైన పని అతనిది. పైన అంటే బానెట్ ఎత్తడం, ఫిల్టరు మార్చడం, కొత్త ఆయిల్ పోయడం, ఆయిల్ మార్చమని స్టీరింగు వెనక వెలిగే నారింజ రంగు స్పానరు బొమ్మను ఆర్పడం, వచ్చినవాళ్లతో మాట్లాడడం. ఆ చివరిది అతనికి చేతకాదు. అందుకని దాన్ని కూడా ఆమే కిందనుంచి చేసేది. "ఏమండీ, పోయినసారి బాబుకి జ్వరమన్నారు, తగ్గిందా?" అని గుంతలోంచి గొంతు వచ్చేది. వచ్చినవాళ్లు నడుం వంచి, బండికే జవాబు చెబుతున్నట్టు మాట్లాడేవాళ్లు.

బోల్టు బిగించాక ఆమె గోళ్లరంగు సీసా తీసేది. బోల్టు తల మీదనుంచి, దాని కిందున్న రాగి వాషరు అంచు మీదుగా, ఆయిల్ చాంబరు ఇనుము దాకా ఒక ఎర్రగీత గీసేది. గీత తెగకుండా ఉన్నంతకాలం బోల్టు కదల్లేదని గుర్తు. తరవాత గుంత అంచున ఉన్న ఇనప గొట్టం మీద స్పానరుతో రెండు దెబ్బలు కొట్టేది. ఆ రెండు దెబ్బలు వినిపించాకే అతను పైనుంచి ఆయిల్ పోయాలి. కొత్తలో ఒకసారి తొందరపడి పోశాడు. బోల్టు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. డబ్బా మొత్తం నెత్తిన పడింది. "తలంటమని నిన్ను నేనడిగానా?" అంది కిందనుంచి. అతను నవ్వలేదు. నవ్వి ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఇప్పుడు అనిపించి ఏం లాభం?

ఆమె పోయి మూడేళ్లవుతోంది. దిగేదీ అతనే, ఎక్కేదీ అతనే. ఇనప మెట్ల మీద మోకాళ్లు కలుక్కుమంటాయి. ఈ మధ్య మెట్టెక్కితే ఎడమ భుజం కింద కూడా పట్టేస్తోంది.

"బావా! ఇంకా పైకి రాలేదేం? పాతాళంలో ఏం నాటుతున్నావు?" పక్క షట్టరు పంచర్లాయన వచ్చి గుంత అంచున కూర్చున్నాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు. గోడ ఒకటే, అంతే.

"నీ నాలుక."

"అది నాటక్కర్లేదు బావా, దానంతటదే మొలుస్తుంది. టీ తెచ్చా, పట్టు."

అతను టీ తీసుకున్నాడు. పంచర్లాయనతో ఒకప్పుడు చాలా కాలం మాట్లాడలేదు. భార్యను శ్మశానానికి తీసుకెళ్లిన రోజున ఆ మనిషి అందరి ముందూ, "మనిషికి కూడా ఒక లైటుంటే బాగుండేది బావా, ముందే వెలిగేది" అన్నాడు. ఓదార్పనుకుని అన్నాడు. అతనికి ఒళ్లు మండింది. లైటెందుకు? ఇంటి నిండా ఆమె దగ్గే వినిపించేది. డాక్టరు దగ్గరికి పదమంటే, "ఈ బండి కానీ" అనేది. ఆ బండి అయ్యేది, ఇంకో బండి వచ్చేది. ఆ మాటకు అతను ఆమెను క్షమించలేదు. పోయిన మనిషిని క్షమించకుండా ఉండడం సులువు, ఎదురు మాట్లాడదు.

ఆమె పోయాక కూడా ఆమె గీతలు వస్తూనే ఉన్నాయి. వాటిని ఆ స్పానరు బొమ్మ దీపమే తీసుకొచ్చేది. ఆ దీపానికి కళ్లుండవు. ఆయిల్ నల్లబడిందా, చిక్కబడిందా అని చూడదు. ఇన్ని కిలోమీటర్లు తిరిగిందా, ఇన్ని నెలలు గడిచాయా అని లెక్కపెడుతుంది, ఏది ముందు నిండితే అప్పుడు వెలుగుతుంది. ముందు బాడుగ కార్లు వచ్చాయి. తరవాత ఆఫీసులకు వెళ్లొచ్చే కార్లు. దీపం వెలిగినా పట్టించుకోని బద్ధకస్తులు ఆ తరవాత. ప్రతి దాని కిందా ఎర్రగీత ఉండేది. మొదట్లో ఆలోచించకుండా విప్పేశాడు. అవి తగ్గిపోతున్నాయని తెలిసేటప్పటికి ఒక్కటే మిగిలింది.

అది పూలకొట్టావిడ చిన్న కారు. భార్య చేసిన చివరి బండి. ఆ రోజు దాని కిందనుంచి పైకొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది, మళ్లీ గుంతలోకి దిగలేదు.

ఏడాదికోసారి ఆ కారులో దీపం వెలుగుతుంది. ఏడాదికోసారి ఆవిడ తెస్తుంది. భార్య పోయాక వచ్చిన రెండుసార్లూ అతను గుంతలోకి దిగి, టార్చి వేసి గీతను చూసుకుని, బోల్టు ముట్టకుండా పైకొచ్చాడు. పైనుంచి కాస్త కొత్త ఆయిల్ కలిపి, దీపం ఆర్పి, "ఆయిల్ బాగానే ఉందమ్మా, మళ్లీ వెలిగితే చూద్దాం" అన్నాడు. డబ్బు తీసుకోలేదు. అంతమాత్రాన అది అబద్ధం కాకుండా పోలేదు.

మధ్యాహ్నం ఆ కారు వచ్చి గుంత మీద ఆగింది. లోపల తడి గోనెల వాసన, వాడిన పూల వాసన.

"అన్నయ్యా, మళ్లీ ఆ స్పానరు వెలిగింది. దానికేం కావాలో ఈసారి దాన్నే అడుగు."

"ఏడాది నిండింది. అందుకు."

"తెల్లారి మార్కెట్టుకీ, మార్కెట్టు నుంచి కొట్టుకీ తప్ప ఎక్కడ తిరిగింది ఇది? తిరక్కపోయినా వెలుగుతుందా?"

"తిరక్కపోతేనే తొందరగా చెడుద్ది. ఇంజను వేడెక్కే లోపల ఆపేస్తారు మీరు."

"అయితే రేపు కావలసినంత వేడెక్కుద్దిలే. పొద్దున్నే కొండ మీదికి పోవాలి. అక్కడ మా అమ్మాయికి కాన్పు దగ్గరపడింది, అల్లుడు పడవ పని మీద ఎక్కడో ఉన్నాడు. ఎక్కుతుందా ఇది?"

అతను తాళం తిప్పాడు. ఇంజనులో సన్నగా టక్ టక్ మంటోంది. ఎండిన గొంతుకు మింగుడు పడనట్టుంది ఆ చప్పుడు. ఆయిల్ కొలిచే కడ్డీ లాగి చూశాడు. కొసన తారు.

"బస్సులో వెళ్లమ్మా."

"అర్ధరాత్రి నొప్పులొస్తే పిల్లని ఆసుపత్రికి బస్సులో తీసుకెళ్లనా? ఏం మాటది? వదినుంటే నీ నోటి మీద కొట్టేది."

"లేదుగా."

"లేదు. అందుకే నేనంటున్నా."

అతను గుంతలోకి దిగాడు. గీత మీద దుమ్ము పట్టింది. బొటనవేలితో తుడిచాడు. రంగు వెలవలేదు. ఒక చివర కొంచెం వంకర. ఆ వంపు దగ్గర ఆమెకు దగ్గొచ్చి ఉంటుంది. ఈ సంగతి అతను వెనకటి రెండుసార్లూ అనుకున్నాడు.

ఇంకో లీటరు పోసి దీపం ఆర్పొచ్చు. ఇది కొండ ఎక్కదు. ఎక్కితే సగం దూరం ఎక్కుతుంది. రెండో గేరులో ఏడ్చుకుంటూ పోయి ఏదో మలుపులో బిగుసుకుపోతుంది. లేదా తిరిగొచ్చేటప్పుడు, ఆ పిల్ల వెనక సీటులో ఉన్నప్పుడు. అతను భార్య పొట్టి స్టూలు మీద కూర్చున్నాడు. పైన పూలకొట్టావిడ చెప్పులు కనిపిస్తున్నాయి. పక్కనే ఏదో పూరెక్క రాలి గుంతలో పడింది.

"ఆ రోజు వదిన ఒకటే దగ్గు," అంది ఆవిడ పైనుంచి. "ఇంకో రోజొస్తా, పైకి రావమ్మా అన్నా. వింటేనా! 'బోల్టు విప్పాక సగంలో వదిలేస్తే నీ బండి ఇక్కడే పురుడు పోసుకోవాల్సొస్తుంది, నోరు మూసుకుని నిలబడు' అంది. నిలబడ్డా."

ఈ మాట అతనికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. పైకి రమ్మని అడిగిన మనిషి ఉంది. అయినా రాలేదు. అతనికి మళ్లీ కోపం వచ్చింది. ఆ కోపంతోనే స్పానరు తగిలించి లాగాడు.

మొదటి పట్టుకు కదల్లేదు. రెండో పట్టుకు గట్టిగా ఒక చప్పుడై తిరిగింది. గీత తెగింది.

ఆయిల్ కారలేదు, దిగింది. కుళ్లినట్టు, ముద్దలు ముద్దలుగా, కాలిన వాసనతో. అతను చివరి చుక్క దాకా ఆగాడు. బోల్టు తల మీద కొంచెం ఎరుపు, చాంబరు మీద కొంచెం ఎరుపు. నడిమి ముక్క రాగి వాషరు అంచు మీద ఉంది. పాత వాషరు మళ్లీ వాడకూడదు, ఒకసారి నలిగాక కారుతుంది. కొత్తది వేసి బిగించాడు. బోల్టు మీది గీత చాంబరు మీది గీతకు గోరంత దూరంలో ఆగిపోయింది. ఇంకొంచెం లాగితే కలుస్తుంది. లాగితే మరలు పోతాయి. అతను లాగలేదు.

పైకెక్కి ఫిల్టరు మార్చి, గరాటు పెట్టి, డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం వింటున్నావన్నయ్యా?"

"ఏం లేదు."

పోశాడు. కొత్త ఆయిల్ తేనె రంగులో దిగింది. స్టీరింగు దగ్గర బటను నొక్కి పట్టుకుంటే స్పానరు బొమ్మ నాలుగుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. ఇంజనులో టక్ టక్ లేదు.

"పోయిన రెండుసార్లూ మార్చలేదమ్మా," అన్నాడు. "బాగుందని అబద్ధం చెప్పా."

ఆవిడ అతని మొహం చూసింది. "ఎందుకు?"

"మార్చలేదంతే. కొండ దాకా ఫరవాలేదు. వచ్చాక మళ్లీ తీసుకురా, ఇంకోసారి మార్చాలి. లోపల చాలా పేరుకుంది."

"చెప్పకుండా ఉన్నా బాగుండేది," అంది ఆవిడ. డబ్బు బానెట్ మీద పెట్టి బండెక్కింది. ఎప్పుడూ వెళ్తూ వెళ్తూ 'వస్తా అన్నయ్యా' అంటుంది. ఈసారి అనలేదు.

చీకటి పడేవేళ పంచర్లాయన తన షట్టరు దించుతుంటే పక్కనుంచి ఇనప గొట్టం మీద రెండు దెబ్బలు వినిపించాయి. "బావా, నే పోతున్నా!" అని కేకేశాడు. జవాబు రాలేదు. ఆ మనిషి జవాబు ఇవ్వకపోవడం కొత్త కాదు. వెళ్లిపోయాడు.

పొద్దున పంచర్లాయన వచ్చేసరికి పక్క షట్టరు సగం ఎత్తే ఉంది, గుంతలో లైటు వెలుగుతోంది. అతను పొట్టి స్టూలు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. స్పానరు ఒళ్లో ఉంది. ఒళ్లు చల్లబడి చాలాసేపయింది. ఆ సమయానికి పూలకొట్టావిడ కారు కొండ ఎక్కుతోంది.

పంచర్లాయన వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాడు. "రెండు దెబ్బలు విన్నా. పైన ఎవరో ఉన్నారు, ఆయిల్ పొయ్యమంటున్నాడనుకున్నా." కానీ ఆ సాయంత్రం గుంత మీద బండి లేదు.

నలుగురు కలిసి అతన్ని పైకి తీశారు. గుంత మీద చెక్కలు పరిచారు. భార్య ఉన్న రోజుల్లో పాత వాషర్లు తగిలించే మేకు ఒకటి గుంత గోడకు ఉంది. మూడేళ్లుగా దానికి ఏమీ లేదు. ఇప్పుడు ఒక రాగి వాషరు వేలాడుతోంది, ఒక పక్క నలిగి, అంచున నువ్వుగింజంత ఎరుపుతో.