పేజీ తిప్పే మనిషి

అన్నయ్య పియానో వాయిస్తుంటే పక్కన కూర్చుని పేజీలు తిప్పేది నేను. వాయించేవాడికి రెండు చేతులకీ పనే కాబట్టి, అతను తల ఊపగానే ఇంకో మనిషి ఎదురుగా ఉన్న స్వరాల కాగితం తిప్పాలి. ముందు తిప్పినా తప్పే, వెనక తిప్పినా తప్పే. మొగుణ్ణి వదిలేసి వచ్చిన నాకు ఆ ఇంట్లో ఒక మంచం, ఒక కంచం దక్కింది ఈ పని వల్లే. వదిన దృష్టిలో నేను తిండి దండగ, కచేరీ ఉన్న రోజున మాత్రం కాస్త తక్కువ దండగ.

ఒకరోజు అన్నయ్య కాగితాలకి బదులు తెరమీద చదువుకునే ఈ-రీడర్ కొందామన్నాడు. ఇంట్లో సాధన చేసుకోవడానికేనట. ఖరీదు ఎక్కువ కాకూడదని వదిన హద్దు గీసింది. ఏది కొనాలో చూసిరమ్మని నన్నే పంపారు. నా మీద ఎంత నమ్మకమో అని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

కాళ్ళరిగేలా తిరిగాను. చవకవన్నీ అరచేతిలో పట్టేవే. నవలలకైతే సరిపోతాయి, మా కాగితాలు పెద్దవి, వాటిలో స్వరాలు చీమల బారుల్లా కనిపించాయి. పెద్దవి చేసి చూస్తే ఎడమచేత్తో వాయించాల్సిన వరస తెర కిందికి జారిపోయింది. చివరికి ఒక మరమ్మతుల కొట్లో ఎవరో వాడి అమ్మేసింది దొరికింది. కాగితమంత తెర, కళ్ళు లాగదు. కొట్టతని ప్రాణం తోడేసి, వదిన చెప్పిన ధరకే తెచ్చాను. దానికి ఒకటే లోపం. పేజీ మారడానికి రెప్పపాటు పడుతుంది, ఆగలేక రెండోసారి నొక్కితే కొయ్యబారిపోతుంది.

ఇంటికి తెచ్చి చూపించగానే వదిన బీరువాలోంచి ఇంకో వస్తువు తీసింది. కాలితో తొక్కితే పేజీ మార్చే మీట. ముందే కొని దాచారు.

"కచేరీలోనూ నీకింక శ్రమ ఉండదులే," అన్నాడు అన్నయ్య, నా ముఖం చూడకుండా.

వదిన చూస్తూనే చెప్పింది. "నీ గది పియానో పాఠాలు చెప్పుకోడానికి కావాలి. వచ్చే కచేరీ అయ్యాక సామాను సర్దుకో."

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను, అదీ బేరమాడి మరీ. ఒళ్ళు మండిపోయింది. అయినా వాడు నా అన్న కదా, రెండోసారి తొక్కితే ఏమవుతుందో చెప్పబోయాను.

"పేజీలు తిప్పేదానివి, నువ్వు నాకు నేర్పుతావా?" అన్నాడు.

చెప్పడం మానేసి, స్వరాల కాగితాలు సంచిలో సర్దేశాను.

కచేరీనాడు నన్ను మొదటి వరసలో, వదిన పక్కన కూర్చోబెట్టారు. అలవాటు కొద్దీ కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. అన్నయ్య వాయిస్తున్నది ఒక గాయని పాటలకి తోడుగా. మొదటి పాట హాయిగా సాగింది. రెండోది ఉరుకుల పరుగుల పాట. అన్నయ్య కాలు తొందరపడి మీటని రెండుసార్లు తొక్కింది. తెర కదల్లేదు. తొక్కాడు, మళ్ళీ తొక్కాడు. గాయని గొంతు ముందుకి వెళ్ళిపోయింది, పియానో ఆగిపోయింది. వెనక ఎవరో నవ్వారు. వదిన నా మోచెయ్యి గిల్లి, వెళ్ళమంది.

అన్నయ్య ఇన్నేళ్ళ అలవాటుతో నేను కూర్చునే వైపు తిరిగి తల ఊపాడు. అక్కడ కుర్చీ లేదు. అతని చూపు వెతుక్కుంటూ వచ్చి నా మీద ఆగింది. ముఖమంతా చెమట. మళ్ళీ తల ఊపాడు, బతిమాలుతున్నట్టు.

చాలా బాగుంది, కానివ్వమన్నట్టు నేనూ తల ఊపాను.