అతను ఆయనెప్పుడయ్యాడు?

మార్చి పదకొండు సాయంత్రం మేము రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. తేదీ గుర్తుండిపోవడానికి కారణం, తిన్న కాసేపటికే మా బావ ఒక లావుపాటి నవలను గోడకేసి కొట్టడం.

బావంటే నా భార్యకు అన్న. ఆవిడ పోయినా మా వరస పోలేదు. ఇద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఇంటి ముందుగదిలోనే బావకు కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుంది. కంటి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు చదవొద్దని డాక్టరు చెప్పడంతో, రోజూ వెళ్లి నేనే చదివి వినిపిస్తున్నాను. ఆ గూఢచారి నవల తెచ్చింది బావ కూతురు. తను చదివానని, చాలా తేలిగ్గా అర్థమవుతుందని చెప్పింది.

ఆపరేషన్‌కు ముందు బావ ఒకరి మిషన్ తలను ఇంకొకరి స్టాండుకు బిగించి పంపేశాడు. రెండూ నల్లవే, రెండూ పాతవే. ఆనాటి నుంచి ఆ పిల్ల, నాన్నకు మతిమరుపు వచ్చింది, కొట్టు అద్దెకిచ్చేద్దాం అని ఒకటే పోరు. బావ పైకి విననట్టే ఉన్నాడు. లోపల మాత్రం ఆ నవలను తనకు తాను పెట్టుకున్న పరీక్షలా వింటున్నాడు. కథ బుర్రకెక్కితే కొట్టు ఉంటుంది, లేకపోతే లేదు. ఈ సంగతి నాకు ఆ సాయంత్రం దాకా చెప్పలేదు.

ఇక ఆ నవల సంగతి. గూఢచారికి మూడు పాస్‌పోర్టులు, మూడు పేర్లు. అతని పై అధికారి శత్రువుల మనిషి. కాదు, అలా నటిస్తున్నవాడు. అదీ కాదు, నటిస్తున్నట్టు నటిస్తున్నవాడు. తలా తోకా లేని ఆ గోల గొంతెత్తి చదువుతుంటే నాకే ఒళ్లు మండేది. రైలు పెట్టెలో అతను సిగరెట్ వెలిగించాడు, ఆయన కిటికీ మూశారు అని వచ్చినచోట బావ నన్ను ఆపాడు. ఈ ఆయన ఎవరని అడిగాడు. పేజీలు వెనక్కి తిప్పాను. ఎక్కడా దొరకలేదు. బావ ముఖం పాలిపోయింది.

"మనిషికి మనిషినే మరిచిపోయాను బావా. ఇక మిషన్లేం గుర్తుంటాయి. కొట్టు తాళాలు అమ్మాయికిచ్చెయ్."

నాకు ఆ రచయిత మీద పట్టరాని కోపం వచ్చింది. చదవడం ఆపకుండా తర్వాతి అధ్యాయం కూడా వినిపించాను. అక్కడ గుట్టు విప్పాడు మహానుభావుడు. అతనూ ఆయనా ఒక్కడే. రాయబారి వేషం వేసినప్పుడల్లా ఆయన అని రాస్తాడట. పెట్టెలో రెండో మనిషే లేడు.

బావ నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు. అది గోడకు తగిలి మంచం కింద పడింది.

"అతను ఆయనెప్పుడయ్యాడయ్యా? మధ్యలో ఎవరింటికైనా అల్లుడయ్యాడా?"

చప్పుడు విని కూతురు పరుగున వచ్చింది. నేను ఎప్పుడూ గొంతు పెంచని మనిషిని. ఆ రోజు పెంచాను.

"నువ్వు చదివావుగా తల్లీ, రైల్లో కిటికీ మూసిందెవరు?"

"పై అధికారి కదా మావయ్యా."

కాదన్నాను. కాసేపు నసిగి, సగంలో వదిలేసి చివరి పేజీ చదివానని ఒప్పుకుంది. అయితే నీకూ మతిమరుపేనా, నీ ఉద్యోగం ఎవరికి అద్దెకిద్దాం అని దులిపేశాను. ఆమెకూ రోషం వచ్చింది.

"పుస్తకం వేరు, కొట్టు వేరు మావయ్యా. మిషన్లు మారిపోయింది నిజమే కదా?"

ఆ మాటకు జవాబు బావే చెప్పాడు.

"నిజమే. తప్పు నాదే. ఇకమీదట విప్పేముందే తలకీ స్టాండుకీ ఒకే రంగు దారం కడతాను. ఒక మిషన్‌కు ఎరుపు, ఇంకోదానికి పచ్చ. నువ్వే వచ్చి చూసుకో. ఆ రాసినవాడికి ఆ పాటి దారం కూడా లేకపోయింది."

కూతురు నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. కంటిమందు సీసాను అరచేతుల మధ్య పెట్టి కాస్త వెచ్చబడనిచ్చి తండ్రి కంట్లో చుక్కలు వేసింది. అద్దె మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ రచయిత మీద నా కోపం మాత్రం చల్లారలేదు. తాళాలిచ్చెయ్ అన్నప్పటి బావ ముఖం ముందు అతణ్ణి ఒక్క నిమిషం కూర్చోబెట్టాలనుంది.

నేను చెప్పులు వేసుకుంటుంటే ఆ అమ్మాయి కొట్లో దీపం ఆర్పి వచ్చింది. తాళాల గుత్తి తండ్రి దిండు పక్కన పెట్టింది. బావ అప్పటికే కునుకు తీస్తున్నాడు. కీచుమనకుండా తలుపును కాస్త పైకెత్తి పట్టుకుని, మెల్లగా దగ్గరికి వేసింది.