చేతులు వెనక్కి

ఆ ఇంట్లో తెల్లారగానే ముందు సర్దేది వంటిల్లు కాదు, అమ్మాయి స్కూలు బ్యాగు. తల్లి పార్సిళ్ల గోడౌనులో సూపర్‌వైజరు. ఏ పెట్టె ఏ అరలోకి వెళ్లాలో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి. ఆ నేర్పంతా ఇంటికి మోసుకొచ్చి కూతురి పుస్తకాల మీద పెట్టింది. లెక్కలకు ఎర్ర స్టిక్కరు, సైన్సుకు పచ్చ స్టిక్కరు. ఏ రోజు ఏవి తీసుకెళ్లాలో, ఏ హోంవర్కు ఎప్పుడు ఇవ్వాలో అంతా ఆమె బుర్రలోనే. పదో తరగతి పిల్ల అద్దం ముందు జడ వేసుకుంటూ ఉండగా బ్యాగు దానంతటదే నిండేది.

"మీ అమ్మ ఉండగా నీకేం లోటే" అని పక్కింటావిడ అంటే తల్లి పొంగిపోయేది. మనమూ అదే మాట అంటాం. పిల్లల పని నెత్తిన వేసుకుని, దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాం కదా.

పిల్ల మొద్దేమీ కాదు. గాజు సీసాల్లో విత్తనాలు నాటి, వేళ్లు ఎలా దిగుతాయో రోజూ చూసి, బొమ్మలు గీసి, సొంతంగా ప్రాజెక్టు చేసింది. అది ఎంపికైతే పేరున్న కాలేజీలో ఫీజు లేకుండా సైన్సు సీటు. తల్లి ఆ ఫైలుకు అట్ట వేసి, పచ్చ స్టిక్కరు అంటించి, నలగకుండా అలమరా పై అరలో దాచింది. శుక్రవారం స్కూల్లో ఇవ్వాలి. బుధవారం ఆమెకు కడుపునొప్పి వచ్చి, ఆస్పత్రిలో ఆపరేషను చేశారు.

గడువు దాటాక, సోమవారం ఆమె ఇంటికి రాగానే అలమరా తెరిచి చూస్తే ఫైలు అక్కడే ఉంది.

"ఇదేంటే, ఇవ్వలేదా?"

"నువ్వు ఎప్పుడో ఇచ్చేశావనుకున్నానమ్మా. ఎప్పుడూ నువ్వేగా ఇచ్చేది."

"టీచర్ అడగలేదా మరి?"

"నువ్వు ఆస్పత్రికి వెళ్లకముందే అడిగారు. అమ్మ చూసుకుంటుందని చెప్పాను."

కుట్లు ఇంకా మానని ఒంటితో తల్లి స్కూలుకు వెళ్లింది. టీచర్ ఫైలు తిరగేసి నిట్టూర్చింది.

"చాలా బాగా చేసిందమ్మా. కానీ గడువు దాటాక నా చేతుల్లో ఏమీ లేదు. మీ అమ్మాయికి విత్తనం సంగతి అంతా తెలుసు. తన ఫైలు ఎక్కడుందో మాత్రం తెలీదు. ఆ తప్పు ఎవరిదో మీరే ఆలోచించండి."

తల్లికి గోడౌను గుర్తొచ్చింది. అక్కడ కొత్తవాళ్లకు పని నేర్పేటప్పుడు ఒక పద్ధతి ఉంది. నేర్పేవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. కళ్లెదుటే పెట్టె తప్పు అరలోకి వెళ్లినా ముట్టుకోకూడదు, వాళ్లే వెతుక్కుని సరిచేసుకోవాలి. "రేపు నేను రాకపోయినా పని ఆగకూడదు" అని వాళ్లందరికీ చెప్పింది తనే. పరాయి పిల్లల మీద చూపిన ఆ ఓపిక కడుపున పుట్టినదాని మీద చూపలేకపోయినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున ఆమె చేతులు వెనక్కి కట్టుకుని గది గుమ్మంలో నిలబడింది. పిల్ల ఖాళీ బ్యాగు ముందు కూర్చుని తల్లి కోసం ఎదురుచూసింది. తల్లి కదల్లేదు. కాసేపటికి పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సీటు పోగొట్టానని కోపమా అమ్మా?"

"కోపం కాదే. నేర్పుతున్నాను."

పిల్ల నమ్మలేదు. చేతికందిన పుస్తకాలు కుక్కుకుని, తల్లి మొహం చూడకుండా వెళ్లిపోయింది. లెక్కల పుస్తకం మంచం మీదే ఉండిపోయింది. తల్లి దాన్ని చూస్తూనే చేతులు ఇంకా గట్టిగా బిగించుకుంది.

ఇన్నేళ్లూ అన్నీ చేసిపెట్టిన తల్లి ఒక్క పూట నేర్పబోతే ఆ పిల్లకు అది శిక్షలా కనిపించింది. మీ ఇంట్లోనూ అలా కనిపించే రోజు రాకముందే, అమ్మా, అయ్యా, పిల్లల బ్యాగు మీద నుంచి చేతులు తీయండి. పక్కనే నిలబడండి, వాళ్లనే సర్దుకోనివ్వండి.