గడపమీది ఎర్రమన్ను

"మన్నే కదమ్మే! బంగారమైతే నేనెందుకు ముట్టుకుంటాను?" అత్త తాయమ్మ మళ్ళీ అదే మాట అంది.

"ముట్టుకోవడం కాదత్తా, నానబెట్టి గడపకు పూసేసినావు," అంది ప్రసన్న.

"శుక్రవారం పూట గడప బోడిగా ఉండాలంటావా? నీళ్ళలో ఏస్తే ఎన్నముద్ద మాదిరి కరిగిపొయ్యింది. సంతలో కొనే ఎర్రమన్ను ఎప్పుడన్నా ఇంత బాగా పట్టిందా?"

ఆ మట్టిరాళ్ళను ప్రసన్న పోయిన చలికాలం గోదావరి లోయ నుంచి తెచ్చింది. తిరుపతిలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ, పెళ్ళప్పుడు ఆగిపోయిన భూగర్భశాస్త్ర పరిశోధనను ఈ వయసులో మళ్ళీ మొదలుపెట్టింది. ఆ లోయ గట్టులో, కింద ఆకుల అచ్చులున్న బూడిదరంగు పొర. దానిపైన ఆకన్నదే లేని ఎర్ర పొర. ఆ రెంటి నడుమ, మనుషులు పుట్టడానికి ఎంతో ముందు, భూమ్మీది ప్రాణుల్లో చాలా భాగం చచ్చిపోయాయి. నేలను పట్టి ఉంచే వేళ్ళు లేక నదులు దారి తప్పి, మట్టినంతా కడిగి తెచ్చి పోశాయి. ఆ ఎర్ర పొరే ఇప్పుడు గడపమీద ఉంది, పైన తెల్లటి ముగ్గుతో. అది లేకుండా ఆమె పరిశోధన ముందుకు పోదు.

"దానికింత రాద్ధాంతమా? మళ్ళీ తెచ్చుకో," అన్నాడు భర్త మునిశేఖర్, ఇడ్లీమీద చట్నీ పోసుకుంటూ. పోయినసారి ఆమె బయలుదేరినప్పుడు, "మట్టి కోసరం ఇల్లిడిసిపొయ్యే ఆడది మా ఇంట్లో యాడా లేదు," అన్నదీ ఈయనే.

కోపం రావాలి. రాలేదు. వంగి గడపవైపు చూసింది. గడప నిజంగానే అందంగా ఉంది. అత్త వేళ్ళ గుర్తులు వరసగా, ముద్దుగా ఉన్నాయి. తన పనిని పాడుచేశారా, నెత్తిన పెట్టుకున్నారా? పొర ఏర్పడాలంటే మట్టి ఒకచోట నిలవాలి. ఈ ఇంట్లో తాను ఇన్నేళ్ళూ పడ్డది పడ్డట్టు ఊడ్చి, కడిగి, పారబోసింది. అందుకేనేమో, తన పొరంటూ ఎక్కడా కనబడదు. ఇలా అనుకోవడం పొగరా? అదీ తేలలేదు.

కాలేజీకి బయలుదేరిన కూతురు లోహిత గడప దగ్గర ఆగింది. "అమ్మా, దాటొచ్చునా?"

"దాటు పాపా."

ఎంగిలి పళ్ళేలు తీయబోయిన చెయ్యిని ప్రసన్న వెనక్కి తీసుకుంది.

"మళ్ళీ తెచ్చుకోమన్నారు కదా," అంది మెల్లగా, ముగ్గురికీ వినబడేలా. "సోమవారం గోదావరికి పోతా ఉండాను. పని అయినాకనే వస్తాను. అంతవరకూ ఇల్లు ఊడుస్తారో మానతారో మీ ఇష్టం. ఎంత మట్టి పడిందో వచ్చినాక సూస్తాను."