గడప దాటని మనిషి

టీచరమ్మ నడిపే చదువరుల గుంపుకి ఒక పద్ధతి ఉంది. నవల చదివాక ఒకరు కుర్చీలో కూర్చుని, అందులోని మనిషైపోవాలి. మిగతావాళ్లు ప్రశ్నలేసి అతని మనసు తవ్వాలి. లేచేముందు కుర్చీలో ఉన్నవాడు కూడా ఒక ప్రశ్న అడగొచ్చు. మనస్తత్వశాస్త్రం చదువుకున్న టీచరమ్మే పెట్టిన పద్ధతది.

ఆ రోజు కుర్చీలో ఉన్నది ఆమె తండ్రి, దర్జీ. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని భయపడే రకం. భార్య ఆసుపత్రిలో పోయిననాడు ఆయన గది బయట బెంచీ మీదే ఉండిపోయాడు. అప్పటినుంచి తండ్రీకూతుళ్ల మధ్య "తిన్నావా", "తిన్నాను" తప్ప మాట లేదు. ఎందుకు రాలేదో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. అందుకే, చావుబతుకుల్లో ఉన్న భార్య గదిలో అడుగుపెట్టని రైలు డ్రైవరు కథని ఏరికోరి తెచ్చిందామె. కుర్చీలోనైనా చెబుతాడని ఆశ.

"ఇన్నాళ్లూ మా కొలతలు మీరు తీశారు. ఇవాళ మీ కొలతలు మేం తీస్తాం," అన్నాడు మందుల షాపాయన. అందరూ నవ్వారు. దర్జీ చొక్కా చేతిమడత సరిచేసుకున్నాడు.

"చెప్పండి డ్రైవరు గారూ, లోపలికెందుకెళ్లలేదు? భయమా?" అనడిగాడు మందుల షాపాయనే.

"భయం కాదు," అన్నాడాయన. "తనే వద్దంది. జుట్టంతా ఊడిపోయింది కదా. 'నన్నిలా చూడకు, నీ కళ్లలో పాత మనిషిలాగే ఉండిపోనీ' అని ఒట్టేయించుకుంది. వేశాక ఏం చేస్తాం?"

టీచరమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"జుట్టు సంగతి పుస్తకంలో లేదే," అంది లైబ్రరీ ఆవిడ, పేజీలు తిప్పుతూ.

"బాగా ఊహించారు లెండి," అన్నాడు మందుల షాపాయన. "కానీ ఒట్టు ఒక సాకు. లోపలున్నది భయమే. అంతే కదా టీచరమ్మా?"

సాకుల సంగతి పోయిన వారం ఆమె నేర్పిందే. ఇప్పుడామెకి ఆసుపత్రి గది గుర్తొచ్చింది. ఆఖరి ఘడియల్లో తల్లి తలుపువైపే చూస్తూ, "మీ నాన్నేడే? ఒక్కసారి పిలువు," అంది. రావాలనుంటే ఆయనే వస్తాడులే అన్న కోపంతో ఈమె పిలవలేదు.

"ఇక మీరడగొచ్చు," అంది లైబ్రరీ ఆవిడ.

దర్జీ కూతురివైపే చూశాడు. "ఆఖర్లో నన్నడిగిందా తను?"

లైబ్రరీ ఆవిడ చివరి అధ్యాయమంతా వేలుపెట్టి వెతికింది. "ఎక్కడా లేదండీ. టీచరమ్మా, మీరే చెప్పాలి."

నిజం చెబితే ఈ మనిషి మిగలడు.

"అడగలేదు నాన్నా," అందామె. "నిన్ను రానివ్వొద్దనే అంది."

లైబ్రరీ ఆవిడ పుస్తకం మూసేసింది. దర్జీ భుజాలు కాస్త దిగాయి.

"నాకు తెలుసు. మాటంటే మాటే దానికి," అని లేచాడు. "పద, ఇంటికి పోదాం."

దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. తమ పెళ్లికి భార్య రవిక తనే కుట్టిన సంగతి, చంక దగ్గర బిగుతైతే ఆవిడ తిట్టిన తిట్లు. కూతురు ఊఁ కొడుతూ నడిచింది.