ప్యాంటు మడతలో ఇసుక

ప్యాంటు కాలి మడత విప్పి, బ్రష్షుతో రెండుసార్లు లాగి, రాలిన దుమ్మును బిస్కెట్ల డబ్బాలోకి దులిపాడు. ఆ తర్వాతే ప్యాంటును ఆవిరి ఇస్త్రీబల్లమీద పరిచాడు. మడతలో దుమ్ము ఉండగా ఇస్త్రీ చేస్తే, ఆవిరికి అది బట్టలోకి ఇంకిపోయి గోధుమరంగు గీతై కూర్చుంటుంది. ఇక ఏ సబ్బుకీ లొంగదు. ఈ సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. ఓడలో చేరిన కొత్తలో ఎవరో పెద్దమనిషి తెల్లప్యాంటు పాడుచేసి, తిట్లు తిని నేర్చుకున్నాడు. ఇరవై ఏడేళ్ళ కిందటి మాట.

ఓడలో అందరూ అతన్ని మడత అంటారు. అసలు పేరు జీతం కాగితంమీద తప్ప మరెక్కడా వినపడదు. ఇస్త్రీబల్ల పిడిని లాగీ లాగీ కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. ముంజేతులమీద ఆవిరి తగిలి తగిలి వెంట్రుకలు మొలవడం మానేశాయి. అన్నం తిన్నాక చేతిరుమాలు, చదివాక పాత పేపరు, ఆఖరికి మందుబిళ్ళల రేకు కూడా మూడు మడతలు పెట్టందే అతనికి తోచదు.

ఇస్త్రీ గది ఓడ అడుగున, నీటికి దిగువన ఉంటుంది. కిటికీ లేదు. అందుకని రేవులన్నీ అతను బట్టల్లోనే చూశాడు. ఎర్రమట్టి రేవు, బొగ్గుమసి రేవు, సాక్సులకి గడ్డిముళ్ళు అంటుకొచ్చే రేవు. విహారానికి వచ్చిన జనం దిగి, తిరిగి, ఫోటోలు తీసుకుని, ఎక్కి, బట్టలు విడిచి కిందికి పంపిస్తారు. వాళ్ళు మరిచిపోయిన ఊళ్ళు కూడా అతని డబ్బాలో కలిసి పడి ఉంటాయి.

అరికాళ్ళ కింద ఇంజను గుడగుడ సన్నగిల్లి, ఆగింది. తాళ్ళు కట్టేస్తున్నారన్నమాట. అతను మరో చొక్కా అందుకున్నాడు. కాలరు, భుజం, చేతులు, వెన్ను. ఆ వరస తప్పకూడదు. వరస తప్పితే ఆలోచన వస్తుంది.

ఇది ఇసుక రేవు. చుట్టూ ఎడారి, ముందు సముద్రం, మధ్యలో ఆ ఊరు. పిండిలాంటి పసుపు ఇసుక. కుట్లలోకి, జేబు మూలల్లోకి, బొత్తాల కాజాల్లోకి కూడా దూరుతుంది. ఏడాదిగా ఓడ నెలకోసారి చొప్పున ఇక్కడికి పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ అతను ఈ గదిలోనే ఉండి, ఆ ఇసుకను బ్రష్షుతో దులిపాడు.

బట్టలు ఉతికే విభాగంలో ఉండే స్నేహితుడు తడిచేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. నోరు తెరిస్తే ఆగడు కాబట్టి అతనికి నురగ అని పేరు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. బావా అని పిలుచుకుంటారు.

"పెళ్ళికొడుకు ఇంకా ముస్తాబు కాలేదేం బావా?"

"నలభై చొక్కాలున్నాయి."

"చొక్కాలకి కాళ్ళు లేవు, ఎక్కడికీ పోవు. ఊరే పోతోంది. నోటీసు చూశావా? వచ్చే నెలనుంచి మన దారిలో ఈ రేవు లేదు. ఇదే ఆఖరు."

"చదివాను."

"చదివి?"

"చదివాను. అంతే."

"నీతో మాట్లాడేకంటే ఆ బల్లతో మాట్లాడడం నయం. అది కనీసం బుస్సుమంటుంది." నురగ అతని చేతిలోంచి చొక్కా లాక్కున్నాడు. "ఇవి నేను చేస్తాను. వంకరగా వస్తే తిట్లు నేనే తింటాను. రెండింటికల్లా వచ్చెయ్. మూడింటికి ఓడ కదులుతుంది."

సంగతి నురగకి ఎలా తెలుసంటే, ఉతికే ముందు జేబులు వెతకడం అతని పని. నాలుగేళ్ళ కిందట మడత చొక్కాజేబులో ఒక ఉత్తరం దొరికింది. చెల్లెలు రాసింది. 'ఆయన పోయారు. నేను ఇక్కడే ఉంటున్నాను. నీళ్ళ ట్యాంకు వెనక వీధి, ఆకుపచ్చ తలుపు.' మూడే వాక్యాలు. మడత దానికి జవాబు రాయలేదు, చింపనూ లేదు. అప్పట్నుంచీ అది ఒక చొక్కాలోంచి ఇంకో చొక్కాలోకి మారుతూ, చెమటకి మెత్తబడి, బట్టలాగే అయిపోయింది.

వాళ్ళమ్మ వీధిలో బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసేది. నిప్పులు పోసే పాతకాలపు ఇనుప పెట్టె. అమ్మ పోయినప్పుడు అతను సముద్రంమీద ఉన్నాడు. మూడు నెలలకి ఇంటికి వెళితే గది ఖాళీ. చెల్లెలు మొగుడితో ఈ ఎడారి ఊరికి, ఉప్పు కొటార్లలో పనికి, వెళ్ళిపోయింది. మేనమామ చుట్ట కాలుస్తూ చెప్పాడు: "ఇస్త్రీపెట్టె కూడా అమ్ముకుని పోయిందిరా." అతను ఆ రాత్రికి రాత్రే ఉత్తరం రాశాడు. అమ్మ ఇస్త్రీపెట్టె అమ్ముకున్నదానివి నువ్వు నాకు చెల్లెలివి కావు, నీ ఇంటి గడప తొక్కను. ఇరవై నాలుగేళ్ళపాటు ఆ మాటను రోజూ ఇస్త్రీ చేసినట్టే కాపాడుకున్నాడు, ముడత పడనివ్వకుండా.

తన ఒక్కగానొక్క మంచి ప్యాంటు తొడుక్కుని, ఉత్తరాన్ని దాని జేబులోకి మార్చాడు. కాళ్ళకి మడత పెట్టి కుట్టిన పాతరకం. ఓడ మెట్లు దిగుతుంటే ఎడమచెయ్యి మోచేతిదాకా లాగింది. నెలరోజులుగా అలాగే లాగుతోంది. డాక్టరుకి చెబితే ఓడనుంచి దింపేస్తారని చెప్పలేదు. పిడి లాగడంవల్లేలే అనుకున్నాడు. పిడి లాగేది కుడిచేత్తో అన్న సంగతి తెలిసీ అలాగే అనుకున్నాడు.

గట్టుమీద కాలు పెట్టగానే నేల ఊగింది. ప్రయాణికులు టోపీలు సర్దుకుంటూ, ఇసుక తిన్నెలు చూడడానికి బస్సులెక్కుతున్నారు. అతను గేటు దాటి నడిచాడు. రేకుల షెడ్లు, మూసిన దుకాణాలు, గోడల మొదట్లో మోకాలెత్తు ఇసుక. ఒకడు రోడ్డుమీది ఇసుకను పారతో పక్కకి ఎత్తిపోస్తుంటే, గాలి దాన్ని వాడి వెనకనుంచే మళ్ళీ తెచ్చి పరుస్తోంది. వాడు వెనక్కి తిరిగి చూడడం లేదు. ఎప్పుడో మానేసి ఉంటాడు.

నీళ్ళ ట్యాంకు దూరంనుంచే కనబడింది. అంత తేలిగ్గా కనబడడం అతనికి నచ్చలేదు. దారి తప్పితే బాగుండునని ఒక మూల ఆశపడ్డాడు. ఆమెకు చెప్పాల్సింది ఒక్కటే మాట, ఓడ ఇక రాదని. ఆ మాట చెప్పి వెనక్కి వచ్చెయ్యాలి. గడప తొక్కనక్కర్లేదు, వీధిలోంచే చెప్పొచ్చు.

ఆకుపచ్చ తలుపు తెరిచే ఉంది. లోపల చీపురు చప్పుడు ఆగింది.

"ఎవరూ?"

ఆమె మోకాలిమీద చెయ్యి ఆనించుకుని గుమ్మంలోకి వచ్చింది. జుట్టు సగం తెల్లబడింది. వెలుగులోకి కళ్ళు చికిలించి, అతని దిగిపోయిన భుజందగ్గర చూపు ఆపింది. అమ్మ భుజం కూడా అలాగే ఉండేది.

"వచ్చావా. పన్నెండోసారికి దారి దొరికిందన్నమాట."

"నీకెలా తెలుసు, పన్నెండని?"

"ఓడ వచ్చినప్పుడల్లా గేటు దగ్గర నిలబడింది నేను. నీకు కాదులే కాళ్ళు నొప్పి పుట్టింది." చీపురు గోడకి ఆనించింది. "అక్కడే నిలబడతావేం అన్నయ్యా? ఎండ."

"గడప తొక్కనని రాశాను."

ఆమె నవ్వింది. పళ్ళు రెండు లేవు.

"గడపేదీ, చూపించు? ఇసుక చేరిపోతోందని ఆయన ఉన్నప్పుడే పీకించేశారు. రా. నీ శపథానికొచ్చిన లోటేమీ లేదు."

నిజమే, గడప లేదు. వీధీ ఇల్లూ ఒకే నేల. అతను లోపలికి నడుస్తుంటే గాలికి తలుపు కదిలి, దేనికో తగిలి ఆగింది. కిందికి చూశాడు. తలుపు కొట్టుకోకుండా పెట్టిన నల్లటి బరువు. ఇస్త్రీపెట్టె. చెక్కపిడి చీలినచోట రాగితీగ చుట్టి ఉంది. పన్నెండేళ్ళప్పుడు ఆ తీగ చుట్టింది తనే. చివర లోపలికి వంచకపోతే అమ్మ చెయ్యి గీసుకుంటుందని పళ్ళతో కొరికి వంచాడు.

"బుడ్డీ, ఇది..." చిన్నప్పటి పిలుపు దానంతటదే నోటికొచ్చింది.

"ఇస్త్రీపెట్టె. కళ్ళు కూడా పోయాయా?"

"అమ్మేశావని మావయ్య..."

"మావయ్య చెప్పాడు, నువ్వు విన్నావు. కోడలి మెళ్ళో గొలుసు తనే తీసి, పిల్లి ఎత్తుకుపోయిందన్న మనిషి మాట!"

"నువ్వు జవాబు రాయొచ్చు కదా."

"తీర్పు చెప్పేశాక సాక్ష్యం ఎందుకు?" నీళ్ళగ్లాసు అతని చేతికిచ్చింది. "తాగు. చిక్కిపోయావు."

అతను కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఆనుకుని ఉన్న గోడ ఉన్నట్టుండి పక్కకి తప్పుకున్నట్టయింది. కోపంకోసం లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు. దానికింద ఇంకేదో ఉంది, అతనికి బాగా తెలిసిందే. మావయ్య అబద్ధాలకోరని ఆ రోజే తెలుసు. ఆ మాట నమ్మలేదు, కావాలని పట్టుకున్నాడు. అమ్మ చివరిరోజుల్లో పక్కన లేనిది తను. తప్పు చేసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే తప్ప ఆ లేకపోవడాన్ని అతను మొయ్యలేడు. ఆ తప్పు చెల్లెలికి అంటగట్టాడు. అప్పటికి దానికి ఇరవై రెండేళ్ళు.

"అమ్మ నన్ను అడిగిందా?"

"అడిగింది." ఆమె కొంగుతో బల్లమీది ఇసుక తుడిచింది. "ఓడమీద బట్టలు ఎక్కడ ఆరేస్తారు, ఎగిరిపోవూ, అని అడిగింది. నాకు తెలీదని చెప్పాను."

గాలికి తలుపు పెట్టెను తాకుతూ టక్కుమంటోంది.

"దాన్ని తీసుకుపో," అంది.

"ఓడలోకి రానివ్వరు. ఉండనీ. తలుపు కొట్టుకుంటుంది."

గోడగడియారంలో ఒకటిన్నర దాటింది. అతను లేచాడు. ఇప్పుడు చెప్పాలి. మాట నాలుకమీదకి వచ్చి కూర్చుంది కూడా.

"వచ్చే నెల మళ్ళీ వస్తుందిగా ఓడ?" ఆమే అంది. "ఈసారి గేటుదాకా రాలేకపోయాను, మోకాళ్ళు పట్టేశాయి. వచ్చే నెలకి ఎలాగోలా వస్తాను. ఊరికే నిలబడి చూడడం వేరు, నువ్వు దిగుతావని తెలిసి నిలబడడం వేరు."

"వస్తాను," అన్నాడు.

మాట ఎంత సులువుగా వచ్చిందంటే, అతనికే భయం వేసింది. వీధి మలుపులో ఆగి వెనక్కి తిరిగాడు. ఆమె గడపలేని గుమ్మంలో నిలబడి చెయ్యెత్తింది. పరిగెత్తి వెళ్ళి చెప్పొచ్చు, నలభై అడుగులు. అతను కూడా చెయ్యెత్తాడు. ఎడమచెయ్యి ఎత్తబోతే లేవక, కుడిచెయ్యి ఎత్తాడు. అడుగడుగునా చీలమండలదాకా ఇసుకలో దిగబడుతూ గేటు వైపు నడిచాడు.

నురగ ఇరవై ఆరు చొక్కాలు పూర్తిచేసి ఉన్నాడు. అందులో పది వంకరే.

"చెప్పావా?"

"లేదు."

"మరి ఏం చెప్పావు?"

"వచ్చే నెల వస్తానన్నాను."

నురగ చేతిలోని చొక్కా బల్లమీద పెట్టేశాడు. "పోనీ, ఉత్తరం రాద్దాం బావా. రేపే రాద్దాం. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

"రేపు," అన్నాడు మడత.

మంచి ప్యాంటు విడిచి గోడ కొక్కేనికి తగిలించి, పని బట్టలు వేసుకున్నాడు. వంకరగా వచ్చిన చొక్కాలు తీసి మళ్ళీ తడిపాడు. కాలరు, భుజం, చేతులు, వెన్ను. నురగ తన యంత్రం దగ్గరికి వెళుతూ, "దులపనా ప్యాంటు?" అన్నాడు.

"వద్దు. నేను చూసుకుంటాను."

మూడింటికి ఇంజను కదిలింది. నేల సన్నగా వణికింది. నురగ అరగంట తర్వాత వచ్చేసరికి మడత స్టూలుమీద కూర్చుని, గోడకి తల ఆనించి ఉన్నాడు. ఆవిరి కట్టేసి ఉంది. బల్లమీద ఆఖరి చొక్కా, పై బొత్తాం దాకా పెట్టి, మూడు మడతలు. చెయ్యి దానిమీదే ఉంది, ముడత ఏమైనా మిగిలిందేమోనని తడిమి చూస్తున్నట్టు.

"బావా," అన్నాడు నురగ. మళ్ళీ అన్నాడు.

డాక్టరు వచ్చాడు, చూశాడు, వెళ్ళాడు. నలుగురు వచ్చి అతన్ని దుప్పట్లో తీసుకువెళ్ళారు. ఆ దుప్పటి నిన్న అతను ఇస్త్రీ చేసిందే. సాయంత్రం కాకుండానే పైనుంచి సంచులు దిగాయి. తిన్నెలు చూసొచ్చినవాళ్ళ బట్టలు, మెత్తటి పసుపు ఇసుకతో. ఓడ ఎవరికోసమూ ఆగదు, బట్టలూ ఆగవు. ఇస్త్రీ కూడా నురగే చూసుకోవాలని పైనుంచి కబురొచ్చింది.

నురగ ఒక్కొక్క ప్యాంటు కాలి మడత విప్పి, దులిపి, డబ్బాలో పోశాడు. సంచులు ఖాళీ అయ్యాక కొక్కేనికి ఉన్న ప్యాంటు దగ్గరికి వచ్చాడు. ముందు జేబులు వెతికాడు, అది అతని పని. బట్టలా మెత్తబడిన ఆ ఉత్తరం దొరికింది. చిరునామా ఒకసారి చదువుకుని, తన చొక్కాజేబులో పెట్టుకున్నాడు. తర్వాత వంగి, బ్రష్షు అందుకుని, కాసేపు అలాగే ఉండిపోయి, దాన్ని బల్లమీద పెట్టేశాడు. డబ్బాకి మూత పెట్టాడు.

ఓడ ఊగినప్పుడల్లా కొక్కేనికి ఆ ప్యాంటు మెల్లగా ఊగుతోంది, కాళ్ళ మడతల నిండా ఇసుకతో.