ఈరోజు ప్రమాదం

మంగళవారం నుంచి సుగెంగ్‌కు కుదురు లేదు. కారణం ఎవరితోనూ చెప్పుకోలేడు. ఆ రోజు పరంజా మూడో వరుస మీద నుమాతా మేస్త్రీ తన నడుం బెల్టు కొక్కేన్ని ఇనప గొట్టానికి తగిలించబోయి, గొట్టం పక్కన గాలికి తగిలించాడు. కొక్కెం వేలాడుతూనే ఉంది. ఆయన దానికేసి వేలు చూపించి, ఎప్పట్లాగే "బాగుంది" అని అరిచి, అంచు మీద నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నుమాతాకు డెబ్బై రెండేళ్లు. యాభై ఏళ్లుగా అకితా పట్నం చుట్టుపక్కల పరంజాలు కడుతున్నాడు. ఇప్పుడు లేస్తున్నది వృద్ధాశ్రమం. అందులో చేరబోయేవాళ్లలో సగంమంది తనకంటే చిన్నవాళ్లేనని ఆయనే నవ్వుతుంటాడు. ఇక్కడి కుర్రాళ్లు ఈ పనికి రారు, ముసలాళ్లు మానరు. అందుకే జావా నుంచి ఇరవై నాలుగేళ్ల సుగెంగ్‌ను శిక్షణ పేరుతో తెప్పించుకున్నారు. పేరుకి శిక్షణ, చేయించేది గొడ్డుచాకిరీ. అయినా నేర్పేవాడు నుమాతా కాబట్టి సుగెంగ్‌కు నిజంగానే పని వచ్చింది.

ఆయన మొదట నేర్పింది ప్రతి బిగింపునీ వేలు చూపించి, అరిచి సరిచూసుకోవడం. జావాలో పెద్దవాళ్ల ముందు చూపుడు వేలు ఎత్తరు, బొటనవేలితో చూపిస్తారు. వచ్చిన కొత్తలో సుగెంగ్ బోల్టుని బొటనవేలితో చూపిస్తే నుమాతా చేతి మీద ఒక్కటిచ్చాడు.

"ఏంట్రా అది, చుట్టాలకి దారి చూపిస్తున్నట్టు? చూపుడు వేలు చాచు. గట్టిగా అరవాలి. వేలు ఎటు పోతే కన్ను అటు పోద్ది."

"పెద్దవాళ్ల ఎదురుగా తప్పు కదా మేస్త్రీ గారూ."

"బోల్టు నీకు తాతా ఏంట్రా?"

బుధవారం సుగెంగ్ ధైర్యం చేసి, నిన్న కొక్కెం సరిగ్గా పడలేదని గొణిగాడు. "నీ కొక్కెం నువ్వు చూసుకో" అన్నాడు ముసలాయన. సైటు ఇన్‌చార్జి కజియామాకి చెబితే ఆ పూటే నుమాతాను దింపేస్తాడు. పని నేర్పినవాణ్ని పట్టించడానికా సముద్రం దాటి వచ్చింది? చెప్పకపోతే, శుక్రవారం ఐదో వరుస. పైగా గాలి.

శుక్రవారం పొద్దున పనికి ముందు చేసే వ్యాయామం అయ్యాక అందరూ తెల్లబోర్డు ముందు నిలబడ్డారు. ఒక్కొక్కరూ ఆ రోజు ప్రమాదం ఒకటి చెప్పాలి. కజియామా రాస్తాడు. అందరూ దానికేసి వేలు చూపి, ఒక్క గొంతుతో "జాగ్రత్త" అని అరవాలి. రోజూ అవే మాటలు, పలకలు తడిగా ఉన్నాయి, గాలి ఉంది, అప్పజెప్పిన పాఠంలాగా. సుగెంగ్ వంతు వచ్చింది.

"ఈరోజు ప్రమాదం నేనేనండి" అన్నాడు. "పైకెక్కితే కాళ్లు వణుకుతున్నాయి. మేస్త్రీ గారు కిందే ఉండి నన్ను కనిపెట్టుకోవాలి."

కజియామా పెన్ను ఆగింది. అతను చెడ్డవాడేం కాదు, భయస్థుడు. "వణికేవాణ్ని ఎక్కించలేను బాబూ. నుమాతా గారూ, ఇవాళ మీరిద్దరూ కిందే ఉండండి. వచ్చే వారం వీడి పరీక్ష అంతా పరంజా మీదే కదా. పేరు తీసేయమని రేపు ఆఫీసుకి చెప్తాను."

ఈ మాట వస్తుందని సుగెంగ్ అనుకోలేదు. పరీక్ష తప్పితే వీసా పొడిగించరు, ఏడాదికే మూటాముల్లే సర్దుకోవాలి. ముందుచూపు లేని మంచితనం ఇలాగే తగలబడుతుంది. ఒక పూట గండం గడిచిందిలే అని సర్దిచెప్పుకోబోయాడు గానీ కుదరలేదు.

ఇద్దరూ గొట్టాల కుప్ప దగ్గర కూర్చుని గొట్టాలు బిగించే తుప్పు పట్టిన క్లాంపులు తుడుస్తున్నారు.

"కోతిలా ఎక్కేవాడివి, నీకు కాళ్లు వణకడమేంట్రా? ఎవడికి చెప్తావ్ కథలు?"

సుగెంగ్ తుడిచిన క్లాంపునే మళ్లీ తుడిచాడు.

"నిన్నే అడుగుతున్నా."

"మంగళవారం మీ కొక్కెం గాల్లో ఉందండి. మీరు వేలు చూపించి బాగుందన్నారు."

నుమాతా కాఫీ డబ్బా అందుకుని మూత రింగు కోసం వేలు పెట్టాడు. వేలు డబ్బా పక్కనుంచి జారిపోయింది. రెండోసారీ జారింది. అందుకుని తీసిద్దామని సుగెంగ్ చెయ్యి చాచి, ఆపుకున్నాడు. మూడోసారికి దొరికింది.

శనివారం బోర్డు ముందు సుగెంగ్ అందరికన్నా వెనక నిలబడ్డాడు. కజియామా పెన్ను మూత తీయకముందే నుమాతా వచ్చి బోర్డు పక్కన నిలబడి హెల్మెట్ తీశాడు.

"ఈరోజు ప్రమాదం నేను" అన్నాడు. "వసంతకాలం నుంచి ఎడమ కన్ను కనబడట్లేదు. మంగళవారం కొక్కెం పడకుండానే పడిందన్నాను. వీడు చూశాడు. నన్ను కిందుంచడానికి అబద్ధమాడాడు, వీడి కాళ్లకి ఏ రోగమూ లేదు. పరీక్షకి పేరు ఉంచు."

కజియామా రాశాడు, 'నుమాతా, ఎడమ కన్ను' అని. రాశాక వెనక్కి తిరగలేదు. మిగతా ఇద్దరు పనివాళ్లూ తమ బూట్లకేసి చూసుకున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. వేలు చూపి 'జాగ్రత్త' అని అరిచాక ఈ మనిషి ఇంక పరంజా ఎక్కబోడని అందరికీ తెలుసు.

"ఏం, నోళ్లు పడిపోయాయా? ప్రమాదం ఎదురుగా ఉంటే వేలు ఎత్తరా? ఒరేయ్ సుగెంగ్."

సుగెంగ్ చెయ్యి లేచింది. అమ్మ నేర్పినట్టు బొటనవేలే ముందుకొచ్చింది.

"బొటనవేలు కాదు" అన్నాడు నుమాతా మెల్లగా. "నేనేం నేర్పాను?"

సుగెంగ్ బొటనవేలు మడిచాడు. చూపుడు వేలు చాచి, తనకు పని నేర్పిన మనిషి ముఖానికి సూటిగా పట్టాడు.

"నుమాతా మేస్త్రీ ఎడమ కన్ను" అన్నాడు. "జాగ్రత్త." ఆ మాట పక్కవాడికి కూడా అందలేదు.

"వినబడలేదు. మళ్లీ."

వేలు దించకుండా, ఏడుస్తూనే, రోడ్డు అవతలికి వినబడేలా సుగెంగ్ మళ్లీ అరిచాడు.